సహజీవనమంటే ఎవరు సర్దుకోవడం?

2024 ఫిబ్రవరిలో మా మేనత్త కంటి పరీక్ష కోసం బెంగుళూరు వచ్చింది. పలమనేరు దగ్గర అడవంచు పల్లె ఆమెది. పరీక్ష తొందరగానే అయిపోయింది. ఊరికి బస్సు సాయంత్రానికి. మధ్యలో మిగిలిన నాలుగు గంటలు ఏం చేయాలో తోచక లాల్‌బాగ్‌కు తీసుకుపోయాను. అక్కడ ఏనుగుల బొమ్మల ప్రదర్శన జరుగుతోందని పేపర్లో చదివి ఉన్నాను. ఆ సంగతి అత్తకు ముందుగా చెప్పలేదు. చూసి ఆశ్చర్యపోతుందనుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే అది ఎంత పట్నపు ఆలోచనో తెలుస్తోంది.

చెట్ల మధ్య, గడ్డి మీద ఏనుగుల మంద నిలబడి ఉంది. పెద్ద ఆడ ఏనుగులు, వాటి కాళ్ళ దగ్గర పిల్లలు, కాస్త ఎడంగా దంతాల మగ ఏనుగు. అన్నీ నిలువెత్తువే. పరీక్ష కోసం కళ్ళలో వేసిన చుక్కల మందు దిగక అత్తకు చూపింకా మసకగానే ఉంది. ఉన్నట్టుండి ఆగిపోయి నా చెయ్యి పట్టుకుంది. గోళ్ళు దిగేటంత గట్టిగా పట్టుకుంది. "బొమ్మలు అత్తా, కట్టెలతో చేసినవి" అని నేను చెప్పేదాకా ఆ పట్టు సడలలేదు.

తర్వాత చాలాసేపు ఆమె ఒక రాతి బెంచీ మీద కూర్చుని చూస్తూ ఉండిపోయింది. పిల్లలు ఏనుగు తొండాలు పట్టుకుని ఊగబోతుంటే తల్లులు వారిస్తున్నారు. కాలేజీ అమ్మాయిలు ఫోటోలు దిగుతున్నారు. చివరికి అత్త అంది: "ఇంతమంది ఈటి పక్కన నిలబడుకోని ఫోటోలు దిగతా ఉండారు సరే. ఇవి ఎవురి చేన్లో తిని ఇంతింత పెరిగిండాయో అడిగినోళ్ళు ఒకరైనా ఉండారా మే?"

సాహిత్యం చదువుకుని, ప్రకృతి మీద స్త్రీలు రాసిన కవిత్వంపై పరిశోధన చేసి డాక్టరేటు తెచ్చుకున్న నాకు ఆ ప్రశ్న తట్టలేదు. అడవిని నగరంలోకి తెచ్చే కళ గురించి మాట్లాడుకునేటప్పుడు మనకు సాధారణంగా తట్టని ప్రశ్న అది. ఈ వ్యాసం దాన్ని వెంటబెట్టుకుని కొంత దూరం నడిచే ప్రయత్నం.

ముందు ఆ ఏనుగుల సంగతి చెప్పుకోవాలి. ఎందుకంటే అవి చౌకబారు అలంకరణలు కావు. నీలగిరి ప్రాంతంలోని బెట్టకురుంబ, పణియ, కాట్టునాయక, సోలిగ ఆదివాసీలు సుమారు రెండు వందల మంది కలిసి, కొన్నేళ్ళ పాటు పనిచేసి, వాటిని తయారుచేశారు. ఒక్కో బొమ్మకూ మూలం తమ అడవిలో తిరిగే ఒక నిజమైన ఏనుగు. ఏ చెవి చిరిగిందో, ఏ నడుము వంగిందో చూసిన కళ్ళకు గుర్తున్నదాన్ని బట్టి రూపం ఇచ్చారు. ఇనుప చువ్వలతో అస్థిపంజరం వంటి చట్రం కట్టి, దాని మీద లంటానా కొమ్మల్ని ఉడకబెట్టి, బెరడు ఒలిచి, మెత్తగా ఉన్నప్పుడే వంచి అల్లుతారు. దగ్గరికి పోయి చూస్తే చర్మం ముడతలు పడిన చోటల్లా కొమ్మల వంపులే కనిపిస్తాయి.

లంటానా కథ వేరే ఉంది. ఇది మన మొక్క కాదు. అమెరికా ఖండపు ఉష్ణప్రాంతాల నుంచి పందొమ్మిదో శతాబ్దపు తొలి సంవత్సరాల్లో తెల్లవాళ్ళు తోటల అందం కోసం ఇక్కడికి తెచ్చారు. పసుపు, నారింజ, గులాబీ రంగులు ఒకే గుత్తిలో పూసే ఆ పువ్వుల్ని దొరసానుల తోటల్లో కంచెగా పెంచారు. నల్లటి పండ్లను పిట్టలు తిని గింజల్ని అడవుల్లో వేశాయి. ఇప్పుడు మన దేశపు అడవుల్లో లక్షన్నర చదరపు కిలోమీటర్లకు పైగా అది వ్యాపించి ఉందని 2020లో వెలువడిన ఒక అధ్యయనం తేల్చింది. లంటానా పెరిగిన చోట గడ్డి మొలవదు. గడ్డి లేకపోతే ఏనుగుకు మేత లేదు. మేత లేని ఏనుగు అడవి దాటి ఎక్కడికి వస్తుందో మా అత్తకు తెలుసు.

ఈ బొమ్మల తయారీలోని తెలివి ఇక్కడే ఉంది. ఏనుగు మేతను అడ్డుకున్న కంపను కొట్టి, దానితోనే ఏనుగును కట్టి, ఆ కంపను తోటల కోసం దిగుమతి చేసుకున్న దేశాల వీధుల్లోకే పంపించారు. 2021లో లండన్ పార్కుల్లో ఈ మంద నిలబడింది. అక్కడి ప్రదర్శన పేరు 'కోఎగ్జిస్టెన్స్', అంటే సహజీవనం. 2024 ఫిబ్రవరిలో బెంగుళూరు, ఆ వేసవి నుంచి అమెరికాలో న్యూపోర్ట్, న్యూయార్క్, మయామీ, 2025లో లాస్ ఏంజెలస్ దాకా నూరు ఏనుగులు ప్రయాణం చేశాయి. బొమ్మల్ని అమ్మిన డబ్బు మనుషులూ వన్యప్రాణులూ కలిసి బతికేందుకు చేసే పనులకు పోతుంది. లాల్‌బాగ్ లాంటి చోట వాటిని చూడటంలో మరో చమత్కారం కూడా ఉంది. 1760లో హైదర్ అలీ మొదలుపెట్టిన ఈ తోట తర్వాత బ్రిటిష్ వారి చేతుల్లో వృక్షశాస్త్ర ఉద్యానమైంది. దేశదేశాల మొక్కలు ఊళ్ళలోకి, అడవుల్లోకి పాకింది ఇటువంటి తోటల గేట్లలోంచే.

ఇంత ఆలోచించి చేసిన పని మీద నాకు గౌరవం ఉంది. నా పేచీ ఆ బొమ్మలతో కాదు, వాటి చుట్టూ తిరిగే ఆ ఒక్క మాటతో. సహజీవనం!

తెలుగులో ఈ మాటకు రెండు బతుకులున్నాయి. పెళ్ళి లేకుండా కలిసి ఉండే స్త్రీపురుషుల గురించి చెప్పేటప్పుడు ఇది కొంచెం గుసగుసగా వినిపించే మాట. పర్యావరణం గురించి చెప్పేటప్పుడు వేదిక మీద గంభీరంగా వినిపించే మాట. రెండు చోట్లా దాని అడుగున ఇంకో మాట ఉంది. మన ఇళ్ళల్లో ఆడపిల్లకు ఊహ తెలిసినప్పటి నుంచి వినిపించేది: సర్దుకుపోవడం. అత్తారింట్లో సర్దుకుపో, తాగొచ్చిన మొగుడితో సర్దుకుపో, ఉద్యోగంలో సర్దుకుపో. ఇద్దరు కలిసి బతకడమనే ఆదర్శం ఆచరణలోకి వచ్చేసరికి ఒకరే సర్దుకోవడంగా మారిపోవడం మనకు కొత్త కాదు. కుటుంబం గురించి స్త్రీవాదం మొదట వేసిన ప్రశ్నల్లో ఇదొకటి. ఆ ప్రశ్నను అడవి దాకా తీసుకుపోవాలనిపిస్తుంది. మనిషీ ఏనుగూ కలిసి బతకాలి, నిజమే. కానీ ఆ మనిషి ఎవరు? నేనూ ఏనుగుతో కలిసి బతకడం లేదు, లాల్‌బాగ్‌లో ఫోటో దిగిన అమ్మాయిలూ బతకడం లేదు. మన తరఫున ఆ పని ఇంకెవరో చేస్తున్నారు.

అడవిని నగరంలో నిలబెట్టాలన్న కోరిక కళాకారులకు ఈనాటిది కాదు. అలన్ సాన్‌ఫిస్ట్ 1965లో ఊహించి, 1978 నాటికి న్యూయార్క్‌లోని హ్యూస్టన్ వీధి మూల మీద నాటించిన 'టైమ్ ల్యాండ్‌స్కేప్' ఈ దారిలో తొలి ప్రసిద్ధ కృతి. యూరోపియన్లు రాకముందు మన్‌హట్టన్ ఎలాంటి అడవిగా ఉండేదో ఆ కాస్త జాగాలో తిరిగి చూపించాలన్నది ఆయన సంకల్పం. ఓక్, బీచ్ వంటి స్థానిక చెట్లు, పొదలు, గడ్డి. చుట్టూ కంచె. జనం బయట నిలబడి చూడాలి.

ఆ ఊహలో అందం ఉంది. కానీ అందులో ఎవరు లేరో కూడా చూడాలి. యూరోపియన్లు రాకముందు అది నిర్మానుష్యమైన అడవేమీ కాదు. లెనాపె ప్రజల నేల. అక్కడ మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి పండించింది ముఖ్యంగా స్త్రీలు. 'ఆదిమ ప్రకృతి' అని మనం పేరు పెట్టుకున్న బొమ్మలో పనిచేసే ఆడవాళ్ళు ఉండరు. ఉంటే అది 'ఆదిమ' కాకుండా పోతుంది కాబోలు. ఇంకో సంగతి. 'సహజమైన' అడవి అనుకున్న ఆ జాగా సహజంగా నిలబడలేదు. బయటి నుంచి వచ్చి మొలిచే మొక్కల్ని పీకాలి, చెత్త ఏరాలి, ఎండిన కొమ్మలు కొట్టాలి. నగరంలో 'వన్యం'గా కనిపించాలంటే తోటమాలి చెయ్యి ఎడతెగకుండా పడుతూ ఉండాలి. కృతి మీద కళాకారుడి పేరుంటుంది. కలుపు తీసిన చేతుల పేర్లు ఉండవు.

ఈ చేతుల గురించి సూటిగా మాట్లాడిన కళాకారిణి అదే నగరంలో ఉంది. మియర్లె లాడర్మన్ యూకెలీస్. 1969లో, మొదటి బిడ్డ పుట్టిన కొత్తలో, ఆమె ఒక ప్రణాళిక రాసింది. లోకంలో పనులు రెండు రకాలు. కొత్తది సృష్టించేవి, ఉన్నదాన్ని నిలబెట్టేవి. మొదటి రకానికి కీర్తి, రెండో రకానికి విసుగూ తక్కువ జీతమూ, చాలాసార్లు అసలు జీతమే ఉండదు. బిడ్డ గుడ్డలు ఉతకడం, ఇల్లు తుడవడం, వీధి ఊడ్చడం ఇవన్నీ రెండో రకం. తల్లినైనాక నా రోజంతా ఈ పనులే అయినప్పుడు, వీటినే కళ అంటాను అంది. 1973లో ఒక మ్యూజియం మెట్లను నీళ్ళు పోసి కడిగింది. 1979, 80ల్లో న్యూయార్క్ పారిశుధ్య కార్మికులు దాదాపు 8,500 మందిని వెతుక్కుంటూ పోయి, ఒక్కొక్కరితో చెయ్యి కలిపి, నగరాన్ని బతికిస్తున్నందుకు కృతజ్ఞతలు చెప్పింది. యూకెలీస్ అడవుల గురించి మాట్లాడలేదు. కానీ నగరంలోకి వచ్చే ప్రతి అడవి ముందూ ఆమె ప్రశ్నను నిలబెట్టవచ్చు: దీన్ని నిలబెడుతున్నదెవరు?

మాయా లిన్ 2021లో అదే న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ పార్కులో చేసిన 'ఘోస్ట్ ఫారెస్ట్' ఈ ప్రశ్నకు ఒక మేరకు దగ్గరగా వచ్చిందనిపిస్తుంది. పక్క రాష్ట్రం న్యూజెర్సీ తీరపు అడవుల్లో సముద్రపు ఉప్పునీరు చొచ్చుకొచ్చి దేవదారు జాతి చెట్లు చచ్చిపోతున్నాయి. అలాంటి చెట్లు 49 తెచ్చి, పచ్చటి పార్కు నడుమ నిలబెట్టింది ఆమె. మే నుంచి నవంబరు దాకా వాటి చుట్టూ పార్కు చెట్లు చిగిర్చి, ముదిరి, ఆకులు రాల్చాయి. అవి మాత్రం బూడిదరంగులో అలాగే ఉన్నాయి. పచ్చటి అడవిని తెచ్చి నగరానికి బహుమతిగా ఇవ్వడం కాదు, చచ్చిన అడవిని తెచ్చి నీ వాకిట్లో పెట్టడం. ప్రదర్శన ముగిశాక ఆ కలపతో బ్రాంక్స్ ప్రాంతపు పిల్లలు పడవలు చేయడం నేర్చుకున్నారు. నష్టాన్ని నష్టంగా చూపిన నిజాయితీ ఈ పనిలో ఉంది. అందాన్ని చూసి తృప్తిగా ఇంటికి పోయే వీలు ప్రేక్షకులకు ఇవ్వలేదు.

లంటానా ఏనుగుల ముందు ఆ వీలు ఉంది. అవి ఎంత బాగున్నాయంటే, వాటిని ప్రేమించడంతో మన బాధ్యత తీరిపోయినట్టనిపిస్తుంది. మంద కదలదు, తినదు, ఘీంకరించదు. రాత్రి పూట తలుపు దగ్గరికి రాదు.

స్త్రీలుగా మనకు ఇక్కడ ఇంకో ఆకర్షణ ఉంది. ఏనుగుల మందను నడిపించేది పెద్ద ఆడ ఏనుగు. ఏ కరువులో ఏ మడుగులో నీళ్ళుంటాయో, ఏ దారిన పోతే ప్రమాదమో ఆమెకు జ్ఞాపకం. అక్కచెల్లెళ్ళూ కూతుళ్ళూ ఆమె వెంట నడుస్తారు. మగ పిల్లలు పెరిగి మందను వదిలిపోతారు. ఇది నిజం. గుడి ముందూ, రాజు అంబారీ కిందా ఎప్పుడూ దంతాల మగ ఏనుగునే చూస్తూ పెరిగిన మనకు ఈ మాతృస్వామ్యం కనిపించగానే గుండె ఉప్పొంగుతుంది. స్త్రీ, ప్రకృతి, మాతృత్వం, జ్ఞాపకం అన్నీ ఒకే వరసలో నిలబడతాయి. కవిత రాయాలనిపిస్తుంది. నేనూ ఆ రోజు మనసులో రెండు పంక్తులు రాసుకున్నాను. పక్కన అత్త లేకపోతే పూర్తి చేసేదాన్నే.

బీనా అగర్వాల్ 1992లో రాసిన ప్రసిద్ధ వ్యాసంలో పర్యావరణ స్త్రీవాదంతో వాదనకు దిగింది ఈ విషయం మీదే. స్త్రీకి ప్రకృతితో ఉన్న సంబంధం ఆమె స్త్రీ కావడం వల్ల పుట్టుకతో వచ్చినది కాదు. ఆమె చేసే పని వల్ల, ఆమెకు నేల మీద ఉన్న, లేదా లేని, హక్కు వల్ల ఏర్పడినది. కట్టెలు ఏరే స్త్రీకీ కట్టెలు కొనే స్త్రీకీ అడవి ఒకటి కాదు. పొలం దున్నే స్త్రీకీ పట్టా ఉన్న స్త్రీకీ నేల ఒకటి కాదు. ఈ మాటను నేను నా సిద్ధాంత గ్రంథంలో ఉదహరించాను, వైవాలో దాని గురించి చక్కగా జవాబు కూడా చెప్పాను. కానీ దాని అర్థం మా అత్త పొలంలో తెలిసింది.

ఆంధ్రప్రదేశ్‌లో చాలా కాలం అడవి ఏనుగులు లేవు. 1980లలో తమిళనాడు, కర్ణాటక వైపు నుంచి మందలు చిత్తూరు జిల్లా అడవుల్లోకి వచ్చాయి. 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది. మా అత్త కాపురానికి వచ్చిన నాటికి ఆ ఊళ్ళో ఏనుగును గుడి ఏనుగుగా తప్ప చూసినవాళ్ళు లేరట. ఇప్పుడు ఆ ఊళ్ళో పుట్టిన పిల్లలకు ఏనుగు వచ్చే కాలం, పోయే కాలం వానకాలం ఎండాకాలం లాంటిది. అత్త రాత్రి పూట ఏనుగు పేరు పలకదు. 'సామి' అంటుంది. "సామి చెరుకులో దిగిండాడు" అని ఫోను వస్తే నాకు అర్థమవుతుంది.

మామ పోయి ఎనిమిదేళ్ళు. కొడుకు బెంగుళూరులోనే ఒక గోడౌనులో పని. అత్త ఎకరంన్నరలో రాగి, అంచున టమాటా వేస్తుంది. రాగి కంకి పాలు పోసుకున్నాక రాత్రి కాపలా మొదలవుతుంది. మంచె మీద ఎవరో ఒకరు ఉండాలి. మగవాళ్ళున్న ఇళ్ళల్లో మగవాళ్ళు ఉంటారు. లేని ఇళ్ళల్లో ఆడవాళ్ళు ఇద్దరిద్దరుగా జతకట్టి వంతులు వేసుకుంటారు. రేకుడబ్బాలు, టార్చిలైటు, టపాకాయలు. తెల్లవారి వచ్చి పాలు పిండాలి, వంట చేయాలి, కూలికి పోవాలి. రాత్రి మేలుకున్న పనిని పని అని ఎవరూ లెక్కపెట్టరు. మంద వచ్చిపోయిన మరునాడు విరిగిన డ్రిప్పు పైపులు ఏరేదీ, తొక్కేసిన కంకుల్లో మిగిలినవి కోసుకునేదీ ఎక్కువగా ఆడవాళ్ళే.

2023 డిసెంబరులో, కోతకు వారం ముందు, మంద అత్త చేనులో దిగింది. తెల్లారేసరికి ముప్పాతిక చేను లేదు. నష్టపరిహారం ఇస్తారు కదా అని అర్జీ నేనే రాసిచ్చాను. తీసుకుపోతే ఆఫీసులో అడిగిన మొదటి ప్రశ్న, పాసుపుస్తకం ఎవరి పేరు మీద ఉంది? పుస్తకం మామ పేరు మీదే ఉంది. మామ అన్నదమ్ములతో పంపకం కాగితం మీద జరగలేదు. వారసత్వ మార్పిడికి వాళ్ళ సంతకాలు కావాలి. వాళ్ళకు ఆ తొందర లేదు. విత్తనం వేసింది అత్త, కలుపు తీసింది అత్త, ఎముకలు కొరికే చలిలో మంచె ఎక్కింది అత్త. పంట పోగొట్టుకున్న రైతుగా మాత్రం ప్రభుత్వం కాగితాల్లో ఆమె లేదు. ఆమె బతుకులో సహజీవనం జరుగుతోంది, ఆ సహజీవనంలో ఆమె ఒక పక్షం కాదు.

దేశంలో ఏటా ఏనుగుల వల్ల చనిపోయే మనుషులు అయిదారు వందల మంది. కరెంటు తీగలకూ, రైళ్ళకూ, విషానికీ చనిపోయే ఏనుగులు పదుల సంఖ్యలో. ఈ రెండు లెక్కలూ చెప్పుకుంటాం. మంచె మీద మేలుకున్న రాత్రుల లెక్క ఎక్కడా లేదు.

సాహిత్యంలోనూ అంతే. మా జిల్లా అడవంచు మనుషుల్ని నవలలోకి తెచ్చిన కేశవరెడ్డి 'అతడు అడవిని జయించాడు'లో తప్పిపోయిన పందిని వెతుక్కుంటూ ఒక ముసలివాడు అడవిలోకి పోతాడు. మనిషికీ జంతువుకీ మధ్య ఉండే పోషణ బంధాన్ని, భయాన్ని అంత దగ్గరగా చెప్పిన తెలుగు నవలలు తక్కువ. ఆ 'జయం'లో ఎంత ఓటమి ఉందో చదివినవాళ్ళకు తెలుసు. కానీ రాత్రి, అడవి, ఒంటరి మనిషి అనగానే మన ఊహలోకి 'అతడే' వస్తాడు. 'ఆమె' మంచె మీద గడిపిన రాత్రి ఇంకా మన సాహిత్యంలోకి రావాల్సి ఉంది. రాయాల్సింది మనమే. నేను కూడా ఇన్నేళ్ళుగా రాయలేదు.

ఇంత చెప్పాక నీలగిరి ఏనుగుల దగ్గరికి మళ్ళీ వస్తాను. నా ఆరోపణలో కొంత అన్యాయం ఉంది. లాల్‌బాగ్ మందను చేసినవాళ్ళు నా బోటి పట్నం మనుషులు కాదు. ఏనుగుల మధ్య బతుకుతున్న ఆదివాసీలు. కలిసి బతకడం గురించి మాట్లాడే అర్హత ఎవరికైనా ఉంటే ముందు వాళ్ళకే ఉంది. సాన్‌ఫిస్ట్ అడవిలో లెనాపె ప్రజలు లేనట్టు ఈ మందలో ఆదివాసీలు లేకుండా పోలేదు. వాళ్ళ చేతులు ప్రతి కొమ్మ వంపులో ఉన్నాయి, కూలీగా కొంత డబ్బు వాళ్ళ ఇళ్ళకు చేరింది. అడవి నుంచి నగరానికి వచ్చే వస్తువుల్లో చాలావాటి గురించి ఈపాటి కూడా చెప్పలేం.

అయినా రెండు మాటలు చెప్పాలి. ఒకటి, ఈ బొమ్మల గురించి వచ్చే వార్తల్లో ఎక్కువగా వినిపించేవి తెగల పేర్లు. మనుషుల పేర్లు కాదు. మాయా లిన్ పేరు లేకుండా 'ఘోస్ట్ ఫారెస్ట్' గురించి ఒక వాక్యం కూడా రాయలేం. ఒక తెగ పేరు చెబితే మాత్రం అందులోని స్త్రీపురుషులందరూ ఒకే చెయ్యి అయిపోతారు. అందులో బెరడు ఒలిచిందెవరు, చెవి మడత వంచిందెవరు, ఎవరి పనితనం ఎవరికన్నా వేరు? కళ అన్నాక ఈ ప్రశ్నలు అడగాలి. అడగకపోతే మనం దాన్ని కళగా కాక గిరిజన హస్తకళగా చూస్తున్నట్టే. మనింటి ఆడవాళ్ళ ముగ్గునూ అల్లికనూ ఎన్ని తరాలుగా అలా చూశామో గుర్తు చేసుకోవాలి.

రెండోది, సహజీవనం అనే మాట ఎక్కడ కనిపించినా దాని పక్కన ఖర్చు కూడా కనిపించాలి. ఈ ఏనుగు ఎంత అందంగా ఉందో చెప్పే బొమ్మ పక్కన, నిజమైన ఏనుగు వచ్చిపోయిన చేను ఎవరిదో, పట్టా ఎవరిదో, పరిహారం ఎవరికి అందిందో కూడా ఉండాలి. అలా చేస్తే అందం తగ్గుతుందని నేననుకోను. లిన్ చచ్చిన చెట్లను నిలబెట్టింది, జనం చూడటం మానలేదు. యూకెలీస్ మెట్లు కడిగింది, అది ఇప్పుడు కళాచరిత్రలో ఉంది. నగరంలోకి అడవిని తెచ్చే కళకు నేను పెట్టుకున్న కొలమానం ఇదొక్కటే: అది నాకు అడవి మీద ప్రేమ పుట్టించి పంపుతుందా, లేక ఆ ప్రేమకు బిల్లు కడుతున్నవాళ్ళ ఇంటి దాకా దారి చూపుతుందా?

ఆ సాయంత్రం లాల్‌బాగ్ నుంచి బయటికి వచ్చే ముందు అత్త చూపు కొంచెం తేటపడింది. లేచి, మెల్లగా నడుచుకుంటూ పోయి, ఒక పిల్ల ఏనుగు ముందు కాలు తడిమింది. కొమ్మల సందుల్లోకి వేలు పోనిచ్చి చూసింది. "ఇది మన గట్టు మీద కంపే గదా మే" అంది. అవునన్నాను. "దీన్ని ఒలచల్లంటే చేతులు చీరుకు పోతాయే. ఎంత పని చేసిండారు, ఎవురో పాపం" అంది. ఏనుగు బాగుందనో బాగలేదనో ఆమె అనలేదు. నాకు బొమ్మలో ఏనుగు కనిపించిన చోట, మసక కళ్ళతోనే ఆమెకు పని కనిపించింది.

2025 మేలో కర్ణాటక నుంచి శిక్షణ పొందిన కుమ్కీ ఏనుగుల్ని మా జిల్లాకు తెచ్చారు. అడవి ఏనుగుల్ని వెనక్కి మళ్ళించడానికి అవి ఉపయోగపడతాయని ఊళ్ళో ఆశపడుతున్నారు. వాటిని చూడటానికి జనం పోతున్నారని అత్త ఫోనులో చెప్పింది. నువ్వు పోయినావా అని అడిగాను. "నాకేం చూసేది ఉంది? రాగి నాటల్ల" అంది. పాసుపుస్తకం ఇంకా మామ పేరు మీదే ఉంది.